నీటి ధార తగ్గితే ముందు దేన్ని పట్టుకోవాలి: ఇంపెల్లరా, థర్మోస్టాటా, ఉప్పు పొరా?

ఔట్‌బోర్డ్ (బోటు వెనక తగిలించే) ఇంజన్ పక్క నుంచి చిమ్మే సన్నటి నీటి ధార ఉన్నట్టుండి బలం తగ్గిందంటే బోటులో తలా ఒక మాట మొదలవుతుంది. నీళ్లు తోడే ఇంపెల్లర్ పోయిందని ఒకరు, వేడిని బట్టి నీటి దారి తెరిచే థర్మోస్టాట్ పీకి పారెయ్యమని ఇంకొకరు, ఆ రంధ్రంలో తీగ పెట్టి పొడవమని మరొకరు. ముగ్గురి మాటా ఏదో ఒక ఇంజన్ విషయంలో నిజమే. కాకపోతే తీగతో పొడవడానికి రెండు నిమిషాలు చాలు, ఇంపెల్లర్ మార్చాలంటే పూట పోతుంది. తుప్పు పట్టిన బోల్టు ఒకటి విరిగిందా, రోజంతా దానికే సరి.

అసలు ఆ ధారను ఎక్కువగా నమ్మకూడదు. ఇంజన్ చల్లబడటానికి పంపు తోడిన నీళ్లలో కొంచెమే అటు నుంచి వస్తుంది, ఎక్కువ భాగం ఎగ్జాస్ట్‌తో కలిసి కిందకే పోతుంది. ధార కనిపిస్తే పంపు తోడుతోందని అర్థం, అంతే. సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ చుట్టూ ఉన్న దారులన్నిట్లో నీళ్లు తిరుగుతున్నాయని భరోసా ఏమీ లేదు. ధార ఆగిపోయినా ఇంజన్ చల్లగానే ఉండొచ్చు. అందుకే పానా పట్టుకునే ముందు వేడి ఎంతుందో చూడాలి. గన్‌లా ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఈ పనికి చాలా బాగా పనికొస్తుంది. సిలిండర్ హెడ్ మీద, థర్మోస్టాట్ మూత దగ్గర పెట్టి చూస్తే 60 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే టెన్షన్ అక్కర్లేదు. 90కి ఎగబాకుతుంటే వెంటనే ఆపెయ్యాలి. హెడ్ మీద నీటి చుక్క వేస్తే చుయ్యిమంటోందంటే అప్పటికే ఆలస్యం అయినట్టు.

ఇంజన్ చల్లగా ఉండి ధార మాత్రం రాకపోతే తీగ పద్ధతే మేలు. సన్న పైపులో ఉప్పు గడ్డో ఇసుకో చేరుతుంది, ఒడ్డున నెలల తరబడి పెట్టిన ఇంజన్ అయితే కందిరీగ మట్టి గూడు కూడా కట్టేస్తుంది. ఇనుప తీగ కంటే గాలానికి వాడే మందపాటి నైలాన్ దారం మంచిది, లోపలి రబ్బరు గొట్టం చిరగదు. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

ఇంజన్ వేడెక్కుతూ ధార కూడా పలచబడితే అసలు పని అప్పుడు మొదలవుతుంది. దీనికి ఇంపెల్లర్ అని వెంటనే తీర్పు ఇచ్చేస్తారు కానీ, దానికంటే ముందు నీళ్లు లాక్కునే జల్లెడ చూడాలి. కొల్లేరులో గుర్రపు డెక్క, కోరంగి మడ అడవుల పాయల్లో బురద, ఇళ్ల మధ్య వరద నీళ్లలో ప్లాస్టిక్ కవర్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు సహాయ బోట్లు తిరిగింది అలాంటి నీళ్లలోనే. చుట్టుకున్న కవరు ఒక్కోసారి కాసేపు రివర్స్ గేరు వేస్తేనే ఊడిపోతుంది. లేదంటే ఇంజన్ ఆపి, పైకెత్తి, చేత్తో తియ్యాలి. ఇంజన్‌ను బోటు వెనక చెక్కకు మరీ ఎత్తుగా బిగించినా ఇదే గొడవ. ప్రొపెల్లర్ పైనుండే అడ్డ రేకు బోటు అడుగు మట్టానికి, లేదా ఇంకాస్త కిందకి ఉండాలి. పైన ఉంటే అలల్లో, మలుపుల్లో పంపు నీళ్లకు బదులు గాలి పీలుస్తుంది.

జల్లెడ శుభ్రంగానే ఉంటే అప్పుడు ఇంపెల్లర్. ఇంజన్ అడుగున గేర్లుండే పెట్టె (గేర్ కేసు) పైన, ప్రొపెల్లర్‌కు తిప్పుడు అందించే నిలువు కడ్డీ (డ్రైవ్ షాఫ్ట్) మీద కూర్చునే రబ్బరు చక్రం అది. స్టీలు గిన్నెలో రెక్కలు వంగి తిరుగుతూ నీళ్లు తోడతాయి. తక్కువ వేగంలో ఆ రెక్కలు గిన్నె గోడను ఒరుసుకుంటూ నీటిని నెడతాయి, వేగం పెరిగాక గోడను వదిలేసి నీళ్లను విసిరికొట్టే పంపులా పని చేస్తాయి. అందుకే అరిగిన ఇంపెల్లర్ నెమ్మదిగా పోయేటప్పుడే ముందు బయటపడొచ్చు. గోదావరి పాయల బురద నీళ్లలో, ఇసుక ఒడ్డు దగ్గర లోతు లేని చోట స్టార్ట్ చేసే బోట్లలో ఇది తొందరగా అరుగుతుంది. నీళ్లు లేకుండా కొన్ని సెకన్లు తిప్పినా రబ్బరు మాడుతుంది. (ఇసుక మీదకు లాగే ఫైబర్ తెప్పల్లో చాలావాటికి గాలితో చల్లబడే, పొడవాటి కడ్డీ కొసన ప్రొపెల్లర్ ఉండే లాంగ్ టెయిల్ డీజిల్ ఇంజన్లే ఉంటాయి. వాటి చప్పుడు భరించగలిగితే ఈ తలనొప్పే లేదు.)

ఇక్కడ ఇంకో ఎంపిక ఉంది: ఒక్క ఇంపెల్లర్ కొనాలా, మొత్తం కిట్టా? గిన్నె లోపల వేలు పెట్టి తడిమితే గాడులు తగులుతున్నాయా, కింది ప్లేటు అరిగిందా చూడండి. తగిలితే కిట్టే కొనాలి. అరిగిన గిన్నెలో కొత్త రబ్బరు పెడితే డబ్బు నీళ్లపాలే. నునుపుగా ఉంటే ఇంపెల్లర్, గ్యాస్కెట్, ఇంపెల్లర్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే చిన్న కీ చాలు. పాత దాంట్లో ఏ రెక్క అయినా తెగి ఉంటే ఆ ముక్క ఎక్కడుందో దొరికేదాకా వెతకాల్సిందే. అది నీళ్లతో పాటు పైకి పోయి థర్మోస్టాట్ దగ్గరో సన్న దారిలోనో ఇరుక్కుంటుంది. కొత్త ఇంపెల్లర్ వేసినా ఇంజన్ కాగుతూనే ఉందంటే ఎక్కువసార్లు కారణం ఇదే.

ఇక ధార జోరుగా ఉండి కూడా హెడ్ కాలిపోతుంటే పంపు జోలికి పోకండి. థర్మోస్టాటో, లోపలి ఉప్పు పొరో. కారు థర్మోస్టాట్ 80 డిగ్రీలు దాటాక తెరుచుకుంటే, సముద్రపు నీళ్లు తాగే ఈ ఇంజన్లలో చాలావాటిది 50, 60 మధ్యే తెరుచుకుంటుంది. నీళ్లు అంతకంటే కాగితే అందులోని సున్నం విడిపోయి గోడలకు అంటుకుంటుంది కాబట్టి ఈ ఏర్పాటు. పరీక్ష కూడా సులువే: గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి కాచండి. దాని మీద రాసి ఉన్న వేడి దగ్గర తెరుచుకోకపోతే మార్చెయ్యండి. రెండు బోల్టుల పనే కాబట్టి ఇంపెల్లర్ కంటే దీన్ని ముందు చూడటం తప్పేమీ కాదు. థర్మోస్టాట్ తీసేసి నడపొచ్చా అంటే, ఒడ్డుకు చేరేవరకు నడపొచ్చు. అలాగే వదిలేస్తే ఇంజన్ ఎప్పుడూ చల్లగా నడిచి ప్లగ్గులు నల్లబడతాయి, ఫోర్ స్ట్రోక్ అయితే పెట్రోలు దిగి ఆయిల్ పలచబడుతుంది.

ఉప్పు వేరు, సున్నం వేరు. ఉప్పు మంచినీళ్లకే కరుగుతుంది. సున్నం ఇంట్లో గీజర్ కాయిల్‌కు పట్టే తెల్ల పొర లాంటిది, పులుపు తగిలితేనే కదులుతుంది. సగం వెనిగర్, సగం నీళ్లు కలిపి చిన్న పంపుతో గంటా రెండు గంటలు లోపల తిప్పి, తర్వాత మంచినీళ్లతో బాగా కడగడం మేలు. బాత్రూము యాసిడ్ వేగంగా పని చేస్తుంది నిజమే, అయితే సున్నంతో పాటు అల్యూమినియాన్నీ తినేస్తుంది. దాన్ని ఇంజన్ దగ్గరికే రానివ్వకండి.

రోజూ కడగడానికి చెవి కప్పుల్లా జల్లెడకు తగిలించే మఫ్స్, నీళ్ల డ్రమ్ము, ఇంజన్‌కే ఉండే ఫ్లష్ గొట్టం అని మూడు దారులున్నాయి. నా ఓటు డ్రమ్ముకే, ప్రొపెల్లర్ విప్పి పెడితే. జల్లెడ పూర్తిగా మునుగుతుంది, ఇంజన్ వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకుని దాని వెనక దారుల్లోకీ మంచినీళ్లు వెళ్తాయి. మఫ్స్ తేలికే కానీ ఊడితే ఇంపెల్లర్ ఎండిపోతుంది, పక్కనే మనిషి ఉండాలి. ఫ్లష్ గొట్టానికి పైపు తగిలిస్తే చాలా ఇంజన్లను ఆపి ఉంచే కడగాలి. ఆ నీళ్లు కింద పంపు దాకా సరిగా చేరవు కాబట్టి స్టార్ట్ చేస్తే ఇంపెల్లర్ మాడుతుంది.

ఇంపెల్లర్ మార్చి గేర్ కేసు తిరిగి ఎక్కించాక ఒక్క చుక్కా రాకపోతే కంగారు పడొద్దు. పంపు నుంచి పైకి పోయే రాగి గొట్టం కింది రబ్బరు వాషర్‌లో కూర్చోలేదన్నమాట. అర నిమిషంలో ధార కనిపించకపోతే ఇంజన్ ఆపి, కేసు మళ్లీ దించి, గొట్టం కొసకు కాస్త గ్రీజు రాసి, సూటిగా దిగుతోందో లేదో టార్చి వేసి చూస్తూ ఎక్కించండి.