వియన్నాలో పై అంతస్తు గది అడక్కండి

ఆరేళ్లలో ఈ హోటల్లో పదకొండుసార్లు దిగాను. తొమ్మిదిసార్లు ఆఫీసు ఖర్చు, రెండుసార్లు సొంత డబ్బు. సొంత డబ్బు కట్టినప్పుడే గదిని నిజంగా చూడటం మొదలైంది. హోటల్ పేరు రాయడం లేదు. రింగ్ రోడ్డు మీద, ఒపెరాకి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది, అంతవరకు చాలు.

మన దగ్గర హోటల్‌కి వెళ్తే "పై అంతస్తులో ఇవ్వండి, గాలీ వెలుతురూ బాగుంటాయి" అంటాం. ఇక్కడ అలా అడిగితే దెబ్బతింటారు. 1857లో ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ వియన్నా కోటగోడలు పడగొట్టమన్నాడు. ఆ జాగాలో వేసిన రింగ్ రోడ్డుని, అంటే రింగ్‌స్ట్రాసెని, 1865లో తెరిచారు. దాని పక్కన పెద్దింటివాళ్లు భవంతులు కట్టుకున్నారు. వాటిలో మొదటి అంతస్తు యజమానిది: ఎత్తైన కప్పు, నిలువెత్తు కిటికీలు, పూలతీగల సున్నపు పని. పైకి పోయేకొద్దీ కప్పు కిందికి దిగుతుంది. లిఫ్టుల్లేని రోజులు, మెట్లెక్కే కష్టం పనివాళ్లకి వదిలేశారు. 1873లో ప్రపంచ ప్రదర్శన పెట్టినప్పుడు ఇలాంటి భవంతుల్లో కొన్ని హోటళ్లయ్యాయి. బోర్డు మారిందిగానీ కప్పులెక్కడికి పోతాయి?

నాకిది తెలిసింది రెండోసారి వచ్చినప్పుడు, జూలైలో. "మీకు ఉచితంగా పెద్ద గది ఇస్తున్నాం" అని నవ్వుతూ అటక కింద గది ఇచ్చారు. పెద్దదే, కాదనను. కానీ ఒకవైపు కప్పు వాలుగా ఉంది. రాత్రి మంచినీళ్లకి లేస్తే నుదురు దూలానికి కొట్టుకుంది. ఏసీ చూస్తే పెళ్లిపందిరి పక్కన జనరేటర్‌లా మోత. పొద్దున్నే రిసెప్షన్‌లో అమ్మాయికి బొప్పి చూపించాను. పాపం, ఐసు ముక్కలు తెప్పించి, మొదటి అంతస్తుకి మార్చింది. అప్పట్నుంచి బుకింగ్‌లోనే రాసేస్తాను: మొదటి అంతస్తు, లోపలి వాకిలి వైపు. వీధి వైపు తీసుకుంటే దృశ్యం బాగుంటుంది, ట్రాముల చప్పుడు ఉచితం. వాటిలో 71 నంబరు ట్రాము ఊరి పెద్ద శ్మశానం దాకా వెళ్తుంది. ఎవరైనా పోతే "71 ఎక్కాడు" అంటారట ఇక్కడివాళ్లు. అర్ధరాత్రి ఆ చప్పుడు విన్నప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

ఇక కిటికీలు. జంట కిటికీలు, రెండు అద్దాల తలుపుల మధ్య జానెడు ఖాళీ. చలి ఆగడానికి కట్టారు, మా ఆవిడ మాత్రం పెరుగు పెట్టింది. గదిలో ఫ్రిజ్‌లో సీసాలు కదిపితే బిల్లు పడుతుందని భయం. జనవరిలో ఆ జానెడు సందే ఫ్రిజ్. మూడో రోజు బయటికి వెళ్లొచ్చేసరికి పెరుగు డబ్బా కింద సాసరు, పక్కన మడిచిన నేప్కిన్, దాని మీద చెంచా. గది సర్దే ఆవిడ పని. ఆదివారం వస్తే మాత్రం పెరుగు ముందే కొనుక్కోండి. ఆ రోజు ఊళ్లో దుకాణాలు మూతే, పెద్ద రైల్వే స్టేషన్లలోవి తప్ప.

గదిలో నీళ్ల సీసా జోలికి కూడా పోకండి. 1873లోనే కొండల ఊటనీళ్లని వియన్నాకి గొట్టాల్లో తెచ్చారు. కుళాయి నీళ్లు చల్లగా, తియ్యగా ఉంటాయి. అల్పాహారం మనిషికి 40 యూరోలు దాటుతుంది. ఒక్కసారి తినండి, తర్వాత పక్క సందులో కాఫీ హోటల్‌కి పొండి. మెలాంజ్, అంటే నురగ పాలు కలిపిన కాఫీ, అడిగితే చిన్న ట్రేలో, పక్కన గ్లాసు నీళ్లతో సహా ఇస్తారు. కప్పు ఖాళీ అయినా గంటసేపు ఎవరూ లేవమనరు. కెటిల్ గదిలో ఉండదు, ఫోన్ చేస్తే పంపుతారు. బాత్రూంలో పాలరాయి ఉంది, చెంబు లేదు. మన అలవాటుకి ఇదొక్కటి కష్టమే. చొక్కా ఇస్త్రీకి వాళ్లు వేసిన బిల్లుతో హైదరాబాద్‌లో కొత్త చొక్కా వస్తుంది.

డబ్బు కట్టినందుకు గిట్టుబాటయిందని అనిపించేది కాన్సియర్జ్ దగ్గర, అంటే అతిథులకి టికెట్లూ అవీ చూసిపెట్టే మనిషి దగ్గర. కోటు మీద అడ్డంగా రెండు బంగారు తాళంచెవుల బొమ్మ ఉన్న పెద్దాయన. ఒపెరాకి ఖరీదైన టికెట్లు అంటగడతాడేమో అనుకున్నాను. "నిలబడగలరా?" అని అడిగాడు. ఏ రోజుకారోజు నిలబడి చూసే టికెట్లు అమ్ముతారట. కింది హాల్లో, కుర్చీల వెనక, ఒకప్పుడు చక్రవర్తి కూర్చున్న మధ్య బాక్సుకి సరిగ్గా కిందే ఆ చోటు. టికెట్ ధర హోటల్ అల్పాహారంలో సగం కూడా లేదు. "కమ్మీకి మఫ్లర్ కట్టి వెళ్లండి, మీ చోటు ఎవరూ తీసుకోరు" అన్నాడు. మఫ్లర్ గదిలో మర్చిపోయాను, భుజాన జరీ కండువా ఉంటే అదే కట్టాను. విరామంలో తిరిగొచ్చేసరికి పక్క చోటు ముసలాయన కళ్లజోడు ఎత్తిపెట్టి, ముట్టుకోకుండా, కండువా అంచు చూస్తున్నాడు.