డ్రాప్‌డౌన్‌లో ఆప్షన్లు మార్చడానికి ఏ పద్ధతి మేలు?

దేశం ఎంచుకోగానే రెండో డ్రాప్‌డౌన్‌లో ఆ దేశపు రాష్ట్రాలు మాత్రమే కనిపించాలి. జావాస్క్రిప్ట్‌లో ఈ పనికి ఎక్కువ మంది పట్టే దారులు మూడు: ఆప్షన్లన్నీ ముందే పెట్టి అక్కర్లేనివి దాచడం, ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌లో (ఎలిమెంటు లోపలి హెచ్‌టీఎంఎల్ అంతా ఉండే చోటు) ట్యాగులతో సహా రాసిన స్ట్రింగు నింపడం, న్యూ ఆప్షన్ అనే ఆదేశంతో ఒక్కొక్కటే తయారు చేయడం.

దాచే పద్ధతి వద్దే వద్దు. సీఎస్ఎస్‌తో దాచిన ఆప్షన్ క్రోమ్‌లో మాయమైనా, సఫారీ వెర్షన్లు చాలావాటిలో కనిపిస్తూనే ఉంటుంది. పైగా అది అప్పటికే ఎంపికై ఉంటే, కంటికి కనబడకుండానే ఫారంతో పాటు సర్వర్‌కు వెళ్లిపోతుంది.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే. ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌తో పని ఒక్క వరుసలో తేలిపోతుంది. పేర్లు మీరే కోడ్‌లో రాసుకున్నవైతే ఇబ్బందేమీ లేదు. డేటాబేస్ నుంచో, ఎవరో టైపు చేసినదాని నుంచో వస్తేనే చిక్కు. వాల్యూలో (ఆప్షన్ తరఫున సర్వర్‌కు వెళ్లే విలువ) ఒక్క డబుల్ కోట్ ఉన్నా అది అక్కడికి తెగిపోతుంది. ట్యాగులే ఉంటే, పరాయి కోడ్‌ను పేజీలోకి చొప్పించే దాడికి తలుపు తీసినట్టే. లూప్‌లో ప్లస్ ఈక్వల్ గుర్తుతో కలుపుతూ పోవడం మరీ చేటు. ప్రతిసారీ బ్రౌజర్ జాబితా మొత్తాన్ని మళ్లీ కట్టాలి, వాడుకరి అప్పటికే ఎంచుకున్నదీ పోతుంది.

న్యూ ఆప్షన్‌కు ముందు కనిపించే పేరు, తర్వాత వాల్యూ ఇస్తాం. కోట్లున్నా, ట్యాగులున్నా బ్రౌజర్ వాటిని వట్టి అక్షరాలుగానే చూస్తుంది. పాత జాబితాను తుడవడానికి రీప్లేస్‌చిల్డ్రన్ అనే మెథడ్ ఉంది. 2020 చివరికల్లా ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చింది. పాతవి తీయడం, కొత్తవి పెట్టడం ఒకే పిలుపుతో అయిపోతాయి. నాలుగు అక్షరాలు ఎక్కువ రాయాల్సి వచ్చినా నా ఓటు దీనికే.

ఏ దారి పట్టినా ఒకటి మరవకూడదు: కోడ్‌తో ఆప్షన్లు మారిస్తే చేంజ్ ఈవెంట్ (ఎంపిక మారిందని బ్రౌజర్ ఇచ్చే కబురు) రాదు. రాష్ట్రాల కింద ఊళ్ల డ్రాప్‌డౌన్ కూడా ఉంటే అది పాత ఊళ్లనే చూపిస్తూ కూర్చుంటుంది, కాబట్టి దాన్ని నింపే ఫంక్షన్‌ను మీరే పిలవాలి. మొదట ‘ఎంచుకోండి’ అనే ఖాళీ ఆప్షన్ కూడా పెట్టండి. లేకపోతే జాబితాలో మొదటి రాష్ట్రం ఎవరూ అడగకుండానే ఎంపికైపోతుంది.

డేటా చిన్నదైతే పేజీతోనే పంపడం మేలు, మార్పు తక్షణమే కనిపిస్తుంది. పెద్దదైనా, తరచూ మారేదైనా ఫెచ్‌తో సర్వర్‌ను అడిగి తెప్పించుకోవాల్సిందే. అప్పుడు వాడుకరి వెంటవెంటనే రెండు దేశాలు మారిస్తే, ముందడిగిన జవాబు ఆలస్యంగా వచ్చి రెండోదాన్ని చెరిపేయవచ్చు. కొత్త అభ్యర్థన పంపే ముందు పాతదాన్ని అబార్ట్‌కంట్రోలర్‌తో రద్దు చేయండి.