కోడి పిండం స్లైడ్ల పెట్టె: 33 గంటల స్లైడ్ కోసమైనా కొనొచ్చు

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర సైంటిఫిక్ సామాన్ల షాపులో పోయిన నెల ఈ పెట్టె తీసుకున్నా, 10 స్లైడ్లు, 1,400 అంటే బేరమాడి 1,250కి తెచ్చినా. హర్యానాలోని అంబాలా సరుకే. డిగ్రీ పిల్లలకు జువాలజీ ప్రాక్టికల్స్ చెప్తాను కాబట్టి నాకు 33 గంటల స్లైడే (గుడ్డు పొదగడం మొదలైన 33 గంటలకు తీసిన పిండం) ముఖ్యం, మిగతావి రికార్డులో బొమ్మ గీసుకోవడానికి సరిపోతాయి.

ఆ 33 గంటలది మాత్రం ఎంత బాగుందో! రంగు పల్చగా, సమానంగా పట్టింది. 4ఎక్స్ లెన్స్‌లో గుండె గొట్టం కుడిపక్కకు ఉబ్బి కనిపిస్తుంది, 10ఎక్స్ పెట్టి మెల్లిగా అంచుకు జరిపితే గుంపులు గుంపులుగా ముదురు మచ్చలు, అవే రక్త ద్వీపాలు, లోపలి కణాలు పిండానికి మొదటి రక్తం అవుతాయి, చుట్టూ ఉన్నవి నాళం గోడ అవుతాయి, కాలవా కాలవలో నీళ్లూ ఒకే చోట పుట్టినట్టు.

ఒక పాప చాలాసేపు చూసి "మేడం, మా అవ్వకు క్యాన్సర్‌కి రక్తనాళాలు పెరగకుండా సూది వేస్తున్నారు, ఆ నాళాలు కూడా ఇట్లనే పుడతాయా?" అనింది. లేదమ్మా, అవి ఎక్కువగా ఉన్న నాళాల నుంచే కొమ్మలేసుకుని వస్తాయి, కణితి వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ వదిలి పిలిపించుకుంటుంది, నాళాలు రాకుంటే కణితి పెరగలేదని అమెరికా డాక్టర్ ఫోక్‌మన్ 1971లోనే చెప్పినాడు అని చెప్పినా. అట్ల వచ్చిన నాళాలు వంకరటింకరగా, కారిపోతా ఉంటాయి, క్యాన్సర్‌ను చంపాల్సిన టీ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) సరిగ్గా లోపలికి పోలేవు, అందుకే కొన్ని క్యాన్సర్లకు ఆ సూదితో పాటు ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక కణాలనే క్యాన్సర్ మీదికి ఎగదోసే మందు) కూడా కలిపి ఇస్తారు. ఆ పాప మళ్లీ మైక్రోస్కోప్‌కు కన్ను ఆనించింది, బెల్ కొట్టినా లేవలేదు.

పెట్టెలో ఇచ్చిన కాగితం మాత్రం పక్కన పడేయండి. జీవితాంతం ఉండే రక్తమంతా పచ్చసొన సంచి (పచ్చసొన చుట్టూ ఉండే పొర, ఆ రక్త ద్వీపాలు ఉండేది దీంట్లోనే) నుంచే వస్తుందని వేసినారు, అది తప్పు. 1975లోనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త డీటెర్లాన్-లియేవ్ర్ కౌజుపిట్ట పిండాన్ని కోడి పచ్చసొన సంచి మీద పెంచి చూస్తే, చివరికి నిలిచిన రక్తం కౌజుపిట్టదే, సంచి నుంచే వచ్చుంటే కోడిది ఉండాలి కదా. పెద్దయ్యాక మనకు రక్తం ఇచ్చే మూలకణాలు పిండం ఒంట్లోనే, బృహద్ధమని (గుండె నుంచి వచ్చే అన్నిటికన్నా పెద్ద రక్తనాళం) గోడ నుంచి పుడతాయి. పిల్లలు పరీక్షలో తప్పు రాస్తారని నాకు నిజంగా బాధేసింది, ఆ లైను కొట్టేసి చేత్తో రాసి అతికించినా.

48 గంటల స్లైడ్‌లో తల మీదే గాలి బుడగ ఉండింది, తీసుకుపోతే మాట్లాడకుండా మార్చిచ్చినారు. కొనేటప్పుడే ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చూసుకోండి.