లవంగ నూనెయా, ప్రోపోలిసా? బూజు తెగుళ్ల మీద ఏది మేలు?

లవంగ నూనెలో 70 నుంచి 90 శాతం దాకా యూజినాల్ అనే రసాయనం ఉంటుంది. ఇది శిలీంధ్రపు కణపొరను దెబ్బతీస్తుంది, లోపలి సరుకు బయటికి కారిపోతుంది. ఆవిరి కూడా పనిచేస్తుంది కాబట్టి మూసిన పెట్టెలో నిల్వ చేసిన పండ్లకు బాగా నప్పుతుంది. పొలంలో ఆ గుణమే లోపమవుతుంది, ఎండకు త్వరగా ఎగిరిపోతుంది. ఇంకో చిక్కు: మోతాదు ఎక్కువైతే లేత ఆకుల అంచులు గోధుమరంగుకు మాడతాయి. ఇదే నూనెను కలుపు మందుగానూ వాడతారని మరిచిపోవద్దు! ముందు నాలుగైదు ఆకుల మీద కొట్టి రెండు రోజులు చూడాలి. నీళ్లలో కలవదు, నూనెను నీళ్లలో కలిపి ఉంచే ఎమల్సిఫయర్ తప్పనిసరి.

ప్రోపోలిస్ అంటే తేనెటీగలు మొగ్గల నుంచి, బెరడు నుంచి జిగురు తెచ్చి, మైనం కలిపి గూటి పగుళ్లు పూడ్చే ముద్ద. చేతికి అంటితే సబ్బుకు వదలదు, స్పిరిట్ కావాలి. అందుకే దాని సారాన్ని సాధారణంగా 70 శాతం ఇథనాల్‌లో (ఆల్కహాల్‌లో) తీస్తారు. పినోసెంబ్రిన్, గలంజిన్ లాంటి ఫ్లేవనాయిడ్లు, అంటే మొక్కల నుంచి వచ్చే రసాయనాలు, బూజును అడ్డుకుంటాయి. అయితే ఆ దినుసులు చుట్టూ ఉన్న చెట్లను బట్టి మారతాయి. పాప్లర్ చెట్ల దగ్గరి ముద్ద వేరు, బ్రెజిల్ ఆకుపచ్చ ప్రోపోలిస్ వేరు. పైగా దొరికేది తక్కువ, ఎకరాల లెక్కన పిచికారీ కుదరదు.

నన్నడిగితే నిల్వ గదికి లవంగ నూనె, కోసిన పండ్ల పైపూతకు ప్రోపోలిస్. తెగులు ముదిరాక మాత్రం రెండిటి మీదా ఆశ పెట్టుకోను.