ఇల్‌ఫోర్డ్ మల్టీగ్రేడ్ ఆర్‌సీ డీలక్స్ పేపర్: ముఖం వెలగాలా, పంచె మడతలు కనపడాలా?

ఎండలో తెల్ల పంచె కట్టుకుని నిలబడ్డ చామనఛాయ మనిషి నెగెటివ్ ఒకటి ఎన్‌లార్జర్‌లో (నెగెటివ్ బొమ్మను పెద్దది చేసి కాగితం మీద పడేసే పరికరంలో) పెట్టారనుకోండి. ముఖం వెలుగ్గా రావాలని ఒకరంటారు, పంచె మడతలు పోకూడదని ఇంకొకరంటారు. మన పాతకాలం స్టూడియోల్లో మొదటి మాటే చెల్లేది. ముఖం తేటగా రావడానికి నెగెటివ్ మీద పెన్సిల్‌తో రిటచింగ్ కూడా చేసేవారు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఇద్దరికీ ఒకే పెట్టెలోని కాగితం సరిపోవడమే ఈ పేపర్‌లో నాకు బాగా నచ్చిన గుణం.

2019లో వచ్చిన ఐదో తరం ఫొటో ప్రింట్ పేపర్ ఇది. ఆర్‌సీ అంటే ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం. వెనకటి ఫోర్త్ జనరేషన్ కంటే నలుపు చిక్కగా ఉంటుంది, కాగితం తెలుపులో కాస్త వెచ్చదనం ఉంటుంది. 00 నుంచి 5 దాకా 12 ఫిల్టర్లతో కాంట్రాస్ట్ (నలుపు తెలుపుల మధ్య తేడా) మార్చుకోవచ్చు, అంకె పెరిగేకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. 3½ వరకు ఎక్స్‌పోజర్ టైమ్ (కాగితం మీద వెలుగు పడే సమయం) మారదు, 4 నుంచి రెట్టింపు ఇవ్వాలి. ఇది మరచిపోతే ప్రింట్ పాలిపోయి వస్తుంది, తప్పు పేపర్‌దనుకుంటారు.

టెస్ట్ స్ట్రిప్‌కి (ఒకే కాగితం ముక్క మీద పట్టీపట్టీకి వేరే టైమ్ ఇచ్చి చూసేదానికి) 8, 11, 16, 22, 32 సెకన్లు వాడండి. ఒక్కో పట్టీకి సగం స్టాప్ తేడా వస్తుంది (వెలుగు రెట్టింపైతే ఒక స్టాప్). అయిదేసి సెకన్లు పెంచుకుంటూ పోతే చివరి పట్టీల మధ్య తేడా తెలియదు. ముందు తెలుపు చూసి టైమ్ తేల్చుకోవాలి, తర్వాత నలుపు చూసి ఫిల్టర్ మార్చాలి. ఈ వరస తిరగబడితే కాగితాలు ఖర్చవుతాయే గాని ప్రింట్ కుదరదు.

పైన చెప్పిన నెగెటివ్‌కి 2½ ఫిల్టర్‌తో 16 సెకన్లకు ముఖం కుదిరి, పంచె మాత్రం వట్టి కాగితంలా మిగిలిందనుకుందాం. టైమ్ పెంచితే ముఖం మసిబారుతుంది. అలా కాక 0 ఫిల్టర్ పెట్టి, అట్టముక్కకు చేసిన కన్నంలోంచి పంచె మీద మాత్రమే మరో 8 సెకన్లు వెలుగు పడనివ్వండి, అట్టను కదుపుతూనే ఉండాలి. తక్కువ గ్రేడ్‌లో (చిన్న అంకె ఫిల్టర్‌తో) తెలుపుకి ఛాయ త్వరగా ఎక్కుతుంది, అంచు దాటి పడిన వెలుగు ముఖాన్ని నల్లబరచదు. అదే పని 4తో చేస్తే మడతల నీడలు ముందే నల్లబడతాయి, పంచె చుట్టూ నల్ల అంచు కడుతుంది.

తర్వాత కాగితాన్ని బొమ్మ తేల్చే మల్టీగ్రేడ్ డెవలపర్‌లో, 1+9 పాళ్లలో (ఒక పాలు మందుకి తొమ్మిది పాళ్ల నీళ్లు), 20 డిగ్రీల వద్ద నిండా ఒక నిమిషం ఉంచాలి. డెవలపర్ పని ఆపే స్టాప్ బాత్ 10 సెకన్లు, బొమ్మను నిలిపే 1+4 ర్యాపిడ్ ఫిక్సర్ అరనిమిషం, పారే నీళ్లలో కడగడం 2 నిమిషాలు. ఎండాకాలంలో మన కుళాయి నీళ్లే 30 దాటతాయి. అప్పుడు బొమ్మ ఉరికొస్తుంది, నల్లబడుతోందని చాలామంది 25 సెకన్లకే లాగేస్తారు. నలుపు బూడిదలా, మచ్చలుమచ్చలుగా మిగిలేది అందుకే. ట్రేను పెద్ద ట్రేలో చన్నీళ్ల మధ్య పెట్టి, ఐస్ బాటిళ్లు ఆ నీళ్లలో వేయండి. డెవలపర్‌లో ఐస్ వేస్తే పలచబడిపోతుంది.

సేఫ్ లైట్ (డార్క్‌రూమ్‌లో కాగితాన్ని పాడుచేయని మసక దీపం) కింద చూసి తీర్పు చెప్పకండి, అక్కడ ప్రతి ప్రింటూ ముదురుగానే కనిపిస్తుంది. ఆరిన తర్వాత, గోడకు వేలాడదీసే చోట ఉండే వెలుతురులోనే చూడాలి. ఆరాక తెలుపు కొంచెం ముదురుతుంది గనుక తడిమీద కాస్త లేతగా అనిపించిందే సరైనది.

గ్లాసీ రకంలో నలుపు అందరికీ నచ్చుతుంది, కానీ వేలిముద్ర పడిందంటే ఏటవాలు వెలుతురులో దాగదు. చేతికి ఇచ్చి చూపించే ఫొటోలకు పెర్ల్ (మెరుపు తక్కువ రకం) తీసుకోండి, నలుపులో కొంచెం తగ్గినా సరే.