హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు: దుబాయ్ మీదుగానా, లండన్ మీదుగానా?

శంషాబాద్ నుంచి డల్లాస్ విమానాశ్రయానికి భూగోళం మీద అతి దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా వెళ్తే మొదటి అంచె 2,550, రెండోది 12,900. లండన్ హీత్రూ మీదుగా వెళ్తే 7,750, 7,630. రెండు దారుల మొత్తాల మధ్య తేడా వంద కిలోమీటర్లు కూడా లేదు.

గాలిలో గడిపే సమయమూ రెండింటిలో ఇంచుమించు ఇరవై గంటలే కనుక, అసలు తేడా ఆ గంటలను పంచిన తీరులోనే ఉంది. దుబాయ్ దారిలో నాలుగు గంటలకే దిగి, మళ్లీ దాదాపు పదహారు గంటలు ఒకే సీటులో కూర్చోవాలి. లండన్ దారిలో ప్రయాణం రెండు సమభాగాలవుతుంది. మనవడిని చూడబోయే అమ్మానాన్నలకైతే, పన్నెండో గంటకు పాదాలు వాచి, విప్పిన చెప్పులు మళ్లీ పట్టని స్థితిని తలచుకుని, నేను లండన్‌నే ఎంచుకుంటాను. నిద్రపట్టే కుర్రవాళ్లకు మాత్రం దుబాయ్ మేలు, ఎందుకంటే పొడవైన అంచెలో నిద్రకు మధ్యలో దిగే పని అడ్డురాదు.

తిరుగు ప్రయాణంలో పడమటి గాలులు వెనుక నుంచి తోస్తాయి కాబట్టి, ఏ దారిలోనైనా సమయం కొంత తగ్గుతుంది.