ఒక్క గిటార్‌తో స్టీరియో: రెండు ఆంప్‌లా, నేరుగా పీఏకా?

బ్యాండ్‌లో గిటారిస్టు ఒక్కరే అయితే వేదిక నిండా గిటార్ వినిపించడానికి రెండు దారులు: స్టేజీ మీద రెండు ఆంప్‌లు, లేదా స్టీరియో మోడెలర్ (ఆంప్ శబ్దాన్ని డిజిటల్‌గా అనుకరించే పరికరం) నుంచి నేరుగా పీఏకి, అంటే హాలు స్పీకర్ల వ్యవస్థకు, రెండు లైన్లు.

రెండు ఆంప్‌లకైతే స్టీరియో అవుట్ ఉన్న డిలే పెడల్ నుంచి ఎడమ, కుడి కేబుళ్లు విడిగా వెళ్తాయి. ఆంప్‌లను రెండు మూడు మీటర్ల ఎడంగా పెట్టండి. ముందుగా ఎదురయ్యేది హమ్, అంటే గుయ్‌మనే మోత. రెండు ఆంప్‌ల ఎర్త్‌లూ సిగ్నల్ కేబుళ్ల ద్వారా కలిసి గ్రౌండ్ లూప్ ఏర్పడుతుంది. ఒక సిగ్నల్ లైన్‌లో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే పోతుంది. ప్లగ్‌లోని ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ తీయకండి, అది ప్రాణాల మీదికి తెస్తుంది. రెండూ కలిపి మోగిస్తే శబ్దం పలచబడిందా? ఒకదాని పోలారిటీ (సిగ్నల్ ప్లస్-మైనస్ దిశ) తిప్పి చూడండి. చిన్న హాలుకు ఈ పద్ధతే మేలు, గాలిలో కలిసే ఆ నిండుదనం వేరు.

మోడెలర్ మోయడం తేలిక, కానీ భారమంతా పీఏదే. చాలాచోట్ల అది మోనోలోనే (అన్ని స్పీకర్లకూ ఒకే సిగ్నల్) నడుస్తుంది. ఒక వైపు 15 మిల్లీసెకన్ల ఆలస్యంతో తెచ్చిన వెడల్పు, రెండు వైపులూ కలిసిపోగానే కోంబ్ ఫిల్టర్ అవుతుంది: 33 హెర్ట్జ్ దగ్గర మొదలై సుమారు ప్రతి 67 హెర్ట్జ్‌కూ శబ్దం తగ్గిపోయే ఒక గుంట పడి టోన్ డొల్లగా వినిపిస్తుంది. అందుకే ఎఫెక్టుల్లేని గిటార్‌ను మధ్యలో ఉంచి, రివర్బ్, డిలేలను మాత్రమే పక్కలకు పంపండి. సౌండ్‌చెక్‌లో మిక్సర్ మీద రెండు చానెళ్లనూ మధ్యకు పాన్ చేసి, మోనోలో ఎలా ఉందో ఒకసారి వినండి.